ఉతికేదెవరు?

మొన్న శ్రావణంలో మా తమ్ముడింట్లో తొట్టెల పండుగకని పాలంపేట వెళ్లాను. తమ్ముడి కూతురికి తొలి కాన్పు, ఆడపిల్ల. మూడు రోజులుగా ముసురు వదలలేదు. ఇంట్లో ఏ మూల చూసినా గుడ్డలే. వసారాలో దండెం కట్టారు, వంటింట్లో కట్టారు, కిటికీ ఊచలకు కట్టారు. ఆరని గుడ్డల వాసనతో ఇల్లంతా బరువుగా ఉంది. ఆ మూల ఒక డైపర్ల ప్యాకెట్ కనపడింది. అదిగో, అక్కడ మొదలైంది.

మా పెద్దబావ రెండేళ్ల కింద రిటైరైన ఉద్యోగి. కుర్చీలో కూర్చుని, బిడ్డను ఒళ్లో పెట్టుకుని, ఆ ప్యాకెట్ వంక చూశాడు. "ఇదేంది బిడ్డా ఈ ప్లాస్టిక్కు? మీ అమ్మమ్మలు, నాయనమ్మలు వాడిండ్రా? పాతగుడ్డను మించింది లేదు. పిల్లకు మంచిది, భూమికి మంచిది, పైస ఖర్చు లేదు" అన్నాడు. అందరూ తలలూపారు. బాలింత తల వంచుకుంది.

సరిగ్గా అప్పుడే పాప ఆయన ఒడి తడిపింది. బావ పిల్లను రెండు చేతులతో దూరంగా ఎత్తిపట్టుకుని "ఎవరన్నా రాండ్రి!" అని కేకేశాడు. మా చిన్నమ్మ లేచింది. ఆమెకు డెబ్బై దాటాయి.

"గుడ్డలే వాడదాం బావా. మరి ఉతికేదెవరు?" అన్నాను.

అందరూ నవ్వారు. "ఇంట్ల ఇంతమంది ఆడోళ్లున్నరు గదా" అన్నాడు బావ.

ఆ నవ్వుకు జవాబుగా ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. నేను గుడ్డకు వ్యతిరేకం కాదు. నా ఇద్దరు పిల్లలూ పాత నేతచీరల ముక్కల మీదే పెరిగారు. గుడ్డ మంచిదని చెప్పేవాళ్లతో నాకు పేచీ లేదు. గుడ్డ మంచిదని చెప్పి, తడిసిన గుడ్డను పక్కవాళ్ల చేతికి ఇచ్చేవాళ్లతోనే నా పేచీ.

బావ 'పైస ఖర్చు లేదు' అన్నాడే, ఆ మాట దగ్గర ఆగుదాం. పాతగుడ్డ ఊరికే రాదు. ఊరికే మన్నదు. దాన్ని మన్నేలా చేయడం ఒక విద్య. ఆ విద్య మా చిన్నమ్మకు వచ్చు. ఆ రోజు వంటింట్లో ఆమె పక్కన కూర్చుని అడిగి తెలుసుకున్నవి కొన్ని ఇక్కడ రాస్తాను. ఇన్నేళ్లలో ఎవరూ ఆమెను ఇవి అడగలేదట.

కొత్త నూలు గుడ్డ నీళ్లు పీల్చదు. నూలుకు పుట్టుకతో వచ్చిన మైనపు జిడ్డు ఉంటుంది. నాలుగైదు ఉతుకుల తర్వాత అది పోయి, గుడ్డ మెత్తబడి, తడి పీల్చడం మొదలవుతుంది. అందుకే పసిబిడ్డకు పాతచీర, పాత ధోతి. అది పేదరికం వల్ల వచ్చిన అలవాటు మాత్రమే కాదు, గుడ్డ గుణం తెలిసి చేసిన ఎంపిక. అంచు, జరీ కత్తిరించాలి, చర్మానికి గీసుకుంటాయి. కోసిన అంచులు మడిచి కుట్టాలి. దారం విడిస్తే అది పసిబిడ్డ కాలి వేలికి చుట్టుకుంటుంది. బిడ్డ ఎందుకు ఏడుస్తున్నదో ఎవరికీ తెలియదు, వేలు నల్లబడేదాకా.

మలం అంటిన గుడ్డను వెంటనే చన్నీళ్లలో జాడించాలి. ముందే వేడినీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది. ఉచ్చ తడిసిన గుడ్డను మూట కట్టి మూల పడేస్తే అందులోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. ముక్కు పగిలే ఆ ఘాటు అదే. సబ్బు ఎక్కువైతే గుడ్డ శుభ్రపడదు, సబ్బు నిలిచిపోతుంది. నిలిచిన సబ్బు బిడ్డ తొడల సందులో ఎర్రగా పొక్కుతుంది. కాబట్టి ఉతకడం కన్నా జాడించడం ముఖ్యం, నీళ్లు తేటగా వచ్చేదాకా. గంజి పెట్టొద్దు. సువాసన కోసం, మెత్తదనం కోసం అమ్మే ద్రవాలు కలపొద్దు, అవి నూలు మీద పొర కడతాయి. బ్లీచింగు తరచుగా వాడితే పోగు కుళ్లుతుంది. పసుపు మరకకు ఎండే మందు. తడి ఆరకుండా మడత పెడితే నల్ల చుక్కల బూజు పడుతుంది, అది పడ్డ చోటే ముందు చిరుగుతుంది.

ఇక ఎప్పుడు మానాలి? చిన్నమ్మ లెక్క ఇది. గుడ్డను వెలుతురుకు ఎత్తి పట్టు. అవతల నీ వేళ్లు లెక్కపెట్టగలిగితే అది పక్కబట్టకు కూడా పనికిరాదు. అడ్డంగా లాగు, సన్నగా చర్రుమంటే పోగు చచ్చింది. చెంపకు ఆనించు, గరుకుగా తగిలితే బిడ్డకు వద్దు. మీద గుక్కెడు నీళ్లు పోసి చూడు. నీళ్లు జారిపోతే మాత్రం తొందరపడకు. "నీళ్లు తాగకపోతే గుడ్డ సచ్చినట్టు కాదు బిడ్డా, జిడ్డు పట్టినట్టు. ఒక్కపారి ఉడుకబెట్టి సూడు" అంది. పిల్లలకు రాసే నూనె, పూసే క్రీమూ గుడ్డకు పట్టి అట్లా చేస్తాయి. ఉతికినప్పుడు వాసన లేకుండా ఉండి, బిడ్డ తడిపిన మరుక్షణం ఘాటు కొడితే ఉడకబెట్టి రెండు రోజులు ఎండలో వేయాలి. అప్పటికీ పోకపోతే ఇక సెలవు.

ఆ సెలవు కూడా ఒక్కసారిగా ఉండదు. చీర తొట్టె అవుతుంది, తొట్టె పిల్లగుడ్డ అవుతుంది, పిల్లగుడ్డ మసిగుడ్డ అవుతుంది, మసిగుడ్డ అలుకుగుడ్డ అవుతుంది, చివరికి పొయ్యిలో రాజుకుంటుంది. ఇప్పుడు ఆన్‌లైన్లో అమ్మే గుండీల గుడ్డ డైపర్లకూ ఇదే చూపు కావాలి. వాటిలో ముందు పోయేది నూలు కాదు, తొడ చుట్టూ ఉండే ఎలాస్టిక్. అది సాగిపోతే విప్పి కొత్తది కుట్టుకోవచ్చు. లోపలి నీరు ఆపే పొర మాత్రం పొట్టులా లేచిందంటే కుట్టుకు లొంగదు. ఆ పొరకు మరిగే నీళ్లు పడవు. నూలు గుడ్డను ఉడకబెట్టినట్టు దీన్ని ఉడకబెడితే మనమే దాన్ని చంపినట్టు.

ఇదంతా చదివి ఎవరైనా 'ఇందులో ఏముంది, అందరాడవాళ్లకూ తెలిసిందే' అంటారు. అక్కడే ఉంది కిటుకు. మా ఊరి రామప్ప గుడిని 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. పునాది కింద ఇసుక పోయడం, గోపురానికి నీళ్లమీద తేలేంత తేలికైన ఇటుకలు వాడటం సాంకేతిక పరిజ్ఞానమని మన పిల్లలు పాఠాల్లో చదువుకుంటున్నారు. చదవాల్సిందే. 2021 జూలై 25న యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. సంతోషం. ఎనిమిది వందల ఏళ్ల రాయి మన్నడం విజ్ఞానమైతే, పన్నెండేళ్ల చీర మరో మూడేళ్లు బిడ్డ కింద మన్నడం ఎందుకు విజ్ఞానం కాదు? రాయి మన్నడానికి శాఖ ఉంది, నిధి ఉంది, కావలి ఉంది. గుడ్డ మన్నడానికి ఆడదాని నడుం ఉంది. ఒకటి విద్య, రెండోది ఆడదాని స్వభావం! స్వభావం అని పేరు పెడితే కూలి ఇవ్వక్కర్లేదు, మెచ్చుకోనక్కర్లేదు, నేర్చుకోనూ అక్కర్లేదు.

బావ అన్న 'మీ అమ్మమ్మలు' అనే మాటలో ఇంకో దాపరికం ఉంది. మా అమ్మమ్మ గుడ్డలు వాడింది నిజమే. ఉతికింది మా అమ్మమ్మ కాదు. కనీసం మైల ఉన్నన్నాళ్లూ కాదు.

పిల్లగుడ్డ గురించి మాట్లాడుతూ కులం ఎందుకు తెస్తారు అనకండి. కులం లేకుండా పిల్లగుడ్డ చరిత్రే లేదు. మాది చాకలి చేత బట్టలు ఉతికించుకున్న ఇల్లు. పురుడైన ఇంటి బట్టల్ని ఇంటివాళ్లు ముట్టేవాళ్లు కాదు. మైల. నెత్తుటి బట్టలు, పీతిగుడ్డలు, బాలింత పక్కబట్ట అన్నీ మూటకట్టి వాకిట్లో పడేస్తే మా ఇంటి బట్టలకు వచ్చే అవ్వ తీసుకుపోయేది. చవుడు పట్టించి, బానలో ఉడకబెట్టి, రేవులో బండకు కొట్టి, ఆరేసి, మడిచి తెచ్చేది. గుడ్డను మన్నేలా చేసే విద్యలో సగం ఆమెది. ఏ మరక దేనితో పోతుందో, ఏ గుడ్డ ఇంకెన్ని ఉతుకులు ఓర్చుకుంటుందో మా అమ్మమ్మకు చెప్పింది ఆమే. కల్లంలో కొలిచిన వడ్లు, పురుడునాడు ఒక పాతచీర, ఆమెకు దక్కిందంతే. ఎనిమిదేళ్ల పిల్లను నేను, ఆ ముసలామెను 'ఏమే' అని పిలిచేదాన్ని. ఎవరూ తప్పనలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మా ఇంట్లో కొలిచింది వడ్లన్నా ఉన్నాయి. నిజాం కాలంలో దొరల గడీల్లో అవీ లేవు, వెట్టి. పాలకుర్తి చాకలి ఐలమ్మ, విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు తిరిగి తన పంటను తాను నిలబెట్టుకుంది అంటే, ఆ వెట్టికి కూడా కాదన్నట్టే. 1985లో ఆమె కన్నుమూసింది. 2024లో హైదరాబాద్ కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. కానీ మన ఇళ్లలో మైలగుడ్డ ఇంకా ఎవరి చేతికి పోతోందో చూసుకోకుండా ఆమె పేరు తలవడం మనకు తేలికైన పని.

బట్టలకు వచ్చే అవ్వ తర్వాతి తరం ఆ పని మానేసింది. మానెయ్యడం న్యాయం. అప్పుడు ఆ మూట ఎవరి మీద పడింది? మగవాళ్ల మీద పడలేదు. మా అమ్మ మీద, చిన్నమ్మ మీద, వదినె మీద పడింది. కులం దించిన మూటను ఇంటి ఆడది ఎత్తుకుంది. ఇంటి మగవాడు ఇటు పక్కనా లేడు, అటు పక్కనా లేడు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. చీర చింపితే వచ్చిన ముక్కల్లో సగం పిల్లకు, సగం మనకు. ఒకే చీర, ఒకే నూలు. పిల్లగుడ్డ పట్టపగలు దండెం మీద ఎండుతుంది. మన గుడ్డ చీకటికొట్లో, తడకల సందులో, ఇంకో బట్ట కింద దాక్కుని ఎండుతుంది. ఎండదు కూడా, సగం తడితోనే మళ్లీ వాడతాం. పిల్లగుడ్డను చెంపకు ఆనించి చూసిన చిన్నమ్మను, 'మరి నీ గుడ్డను ఎప్పుడు మానేదానివి చిన్నమ్మా?' అని అడిగాను. ఆమె నా వంక వింతగా చూసింది. "దానికేం లెక్క బిడ్డా, చిరిగిందాకనే" అంది.

ఎండ విలువ తెలిసిన మనిషి, ఘాటు వాసనకు అర్థం తెలిసిన మనిషి, తన ఒంటికి వచ్చేసరికి ఆ విద్యనంతా పక్కన పెట్టింది. తెలియక కాదు, సిగ్గు వల్ల. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-24 ఏళ్ల అమ్మాయిల్లో దాదాపు సగం మంది నెలసరికి గుడ్డ కూడా వాడుతున్నారు. గుడ్డను పొగిడే పెద్దమనుషుల్లో ఒక్కరైనా, ఆ గుడ్డను ఎండలో ఆరేయండి అని ఇంట్లో ధైర్యంగా చెప్పారా? చెప్పరు. వాళ్లకు గుడ్డ అంటే పిల్లల బోసినవ్వు. మనకు గుడ్డ అంటే దండెమూ, చీకటికొట్టూ రెండూ.

మరి డైపరు మనల్ని ఉద్ధరించిందా? అదీ చూద్దాం.

డైపరు కథ మొదలైంది ఉతికి ఉతికి విసిగిన ఒక తల్లి దగ్గరే. అమెరికాలో మేరియన్ డోనోవన్ అనే ఆమె స్నానాలగదికి కట్టే తెరను కత్తిరించి, గుడ్డ మీద తడి బయటకు రాకుండా తొడుగు కుట్టింది. 1951లో పేటెంటు వచ్చింది. వాడి పారేసే కాగితపు డైపరు చేద్దామని ఆమె కంపెనీల చుట్టూ తిరిగితే ఎవరూ పట్టించుకోలేదు. పదేళ్లకు, 1961లో, ఒక పెద్ద కంపెనీ 'పాంపర్స్' పేరుతో అదే ఆలోచనను బజారులో పెట్టింది. ఆడదాని విసుగును కొన్నవాళ్లకు లాభం వచ్చింది. ఇవాళ ఆ డైపరులో కలపగుజ్జు, ప్లాస్టిక్ పొరలు, తడిని జెల్లుగా మార్చే పాలిమర్ ఉన్నాయి. ఒక్కోటి ఎనిమిది, పది రూపాయలు. రోజుకు ఐదంటే యాభై. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అందులో ఆరోవంతు పిల్ల ఉచ్చకే పోతే, కూలికి పోయే తల్లి ఏం చేస్తుంది? ఒక్కటే డైపరును పొద్దంతా ఉంచుతుంది. పిల్ల చర్మం ఒరుసుకుపోతుంది. అప్పుడూ తిట్లు తల్లికే.

వాడి పారేసింది ఎక్కడికి పోతుంది? రామప్ప చెరువుకు పోయే దారి పక్కన ఉబ్బిన డైపరును కుక్క లాగుతుంటే నేను చూశాను. దాన్ని రేపు పొద్దున చేత్తో ఎత్తేది ఎవరు? 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు వాడిన డైపర్లను శానిటరీ వ్యర్థాలుగా లెక్కించాయి. వాటిని విడిగా చుట్టి ఇవ్వాలన్నాయి. చుట్టడానికి సంచీని తయారీదారులే ప్యాకెట్‌తో పాటు ఇవ్వాలనీ, లేదా మళ్లీ వాడుకోదగ్గ పదార్థాలతో తయారుచేసే దారి చూడాలనీ చెప్పాయి. మీ ఇంటి చెత్తబండి ఎక్కి చూడండి, ఎన్ని డైపర్లకు చుట్టు ఉందో. ఆ బండి దగ్గర నిలబడి తడిచెత్త, పొడిచెత్త చేత్తో వేరుచేసేది ఎక్కువగా ఏ కులాల ఆడవాళ్లో నేను చెప్పనక్కర్లేదు.

అంటే పని పోలేదు, చేతులు మారాయి. నిన్న మైలమూట చాకలి అవ్వ నెత్తి మీదికి పోయింది, ఇవాళ సఫాయి అక్క బండిలోకి పోతోంది. మధ్యలో కొన్నాళ్లు మన చేతుల మీదుగా పోయింది. ఈ మూట మగవాడి చేతిని తాకకుండా ఇన్ని దారులు ఎట్లా తిరిగిందో ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది.

పర్యావరణం పేరుతో మాట్లాడేవాళ్లకు ఒక లెక్క చూపిస్తాను. 2008లో బ్రిటన్ పర్యావరణ సంస్థ ఈ రెండింటినీ పోల్చింది. బిడ్డ రెండున్నరేళ్లు వాడితే పారేసే డైపర్ల వల్ల సుమారు 550 కిలోలు, ఉతికే గుడ్డల వల్ల సుమారు 570 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానమైన వాయువులు వెలువడతాయని తేల్చింది. దాదాపు సమానం! తేడా అంతా ఉతకడంలోనే ఉంది. మిషను నిండా వేసి, మరీ వేడినీళ్లు వాడకుండా, బయట ఆరేసి, అవే గుడ్డలు రెండో బిడ్డకూ వాడితే గుడ్డ బాగా గెలుస్తుంది. ఆరబెట్టే యంత్రం వాడితే ఓడిపోతుంది. అక్కడి ప్రభుత్వమే 2023లో మళ్లీ చేయించిన లెక్కలో గుడ్డ భారం సుమారు 25 శాతం తక్కువని వచ్చింది. అంటే గుడ్డ మంచిదా చెడ్డదా అన్నది గుడ్డలో లేదు, ఉతికే పద్ధతిలో ఉంది. కానీ ఆ లెక్కల్లో కరెంటు ఉంది, నీళ్లున్నాయి, సబ్బుంది. మనిషి నడుం లేదు. పసిబిడ్డకు రోజుకు 12 గుడ్డలంటే నెలకు 360, ఏడాదికి 4,380. ఆ వంగడం, పిండటం, ఆరేయడం ఏ కిలోల్లో తూస్తారు?

మన దగ్గర తూచిన లెక్క ఒకటుంది. జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం 2019లో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు చేస్తే, ఆ పనిలో చెయ్యిపెట్టే కొద్దిమంది మగవాళ్లు 97 నిమిషాలు చేశారు. 2024లో ఆడవాళ్లవి 289 అయ్యాయి. మగవాళ్లవి 88కి పడిపోయాయి! ఐదేళ్లలో మనకు పది నిమిషాలు తగ్గితే, వాళ్లు తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు. మన చేతుల్లోంచి జారిన ఆ పది నిమిషాలను వాళ్లు అందుకోలేదన్నమాట. మిక్సీయో, నల్లానో, డైపరో అందుకుని ఉండాలి.

ఇక ప్రకృతి ఒడిలో ఆరేసుకోండి అంటారు. మా పాలంపేట ఉన్నది వెంకటాపూర్ మండలంలో. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2019 నుంచి ములుగు జిల్లా. 2023 జూలైలో ఇదే మండలంలోని లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఆ రోజుల్లో పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఆడవాళ్లు గుడ్డలు ఎట్లా ఆరబెట్టి ఉంటారో ఎవరైనా అడిగారా? పొయ్యి మీద పెనం బోర్లించి దానిపై ఒక్కొక్క గుడ్డను ఆరబెట్టినవాళ్లను నేనెరుగుదును. అట్లాంటి రాత్రి ఒక తల్లి డైపరు వాడితే ఆమె భూమికి ద్రోహం చేసినట్టా?

కాబట్టి నిందించేది ఆపి, అడగాల్సినవి అడుగుదాం.

గుడ్డ వాడాలని చెప్పే ప్రతి మగవాడు ముందు గుడ్డ ఉతకాలి. ఉతికాకే మాట్లాడాలి. బిడ్డ పుట్టిన నాటి నుంచి గుడ్డల పని తండ్రిది. తల్లి పాలిస్తుంది, అది ఆయన చేయలేడు. ఉతకడానికి మాత్రం ఏ అవయవమూ తక్కువ కాలేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ఆ సెలవు ఎందుకిచ్చారని ఇంటింటా అడగాలి. తొట్టెల పండుగకు షామియానా వేయించడానికా? ప్రైవేటు ఉద్యోగులకు, కూలీలకు ఆ పాటి సెలవు కూడా చట్టంగా లేదు. దాన్ని అడిగే ఉద్యమంలో మన గొంతు ఉండాలి.

ప్రసూతి అయిన తల్లికి ప్రభుత్వాలు సబ్బు, నూనె, పౌడరు, దోమతెర ఇచ్చాయి. 2017లో మొదలైన కేసీఆర్ కిట్ అట్లా వచ్చిందే. సబ్బు ఇచ్చారు, ఉతికే చేతుల్ని ఇంట్లో దొరుకుతాయని వదిలేశారు. ఊరికొక ఉతికే మిషను, వానకు తడవకుండా ఆరేసుకునే ఒక షెడ్డు అడుగుదాం. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. అదే తోవలో ఈ ఉతికే చోట్లకూ ఇవ్వొచ్చు. అక్కడ పనిచేసేవాళ్లకు కులం చూసి కాదు, పని చూసి సరైన కూలి ఇవ్వాలి. మళ్లీ వాడుకునే గుడ్డలు చేసే మహిళా సంఘాలకు ఆర్డర్లు ఇవ్వాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పసిపిల్లల డైపర్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. పన్ను తగ్గించినవాళ్లు, చుట్టడానికి సంచీ ఇవ్వని కంపెనీని నిలదీయాలని కూడా అడుగుదాం.

ఇక మన సంగతి. మన గుడ్డను కూడా పిల్లగుడ్డ పక్కనే ఎండలో ఆరేద్దాం. వెలుతురుకు ఎత్తి చూద్దాం, చెంపకు ఆనించి చూద్దాం. దానికీ సెలవుందని నేర్చుకుందాం.

ఆ రోజు జరిగింది పూర్తిగా చెప్పలేదు. రాత్రికి తమ్ముడి అల్లుడు వచ్చాడు. మెత్తటి పిల్లవాడు. నేనే బకీటు చూపించి "బాబూ, ఈ నాలుగు గుడ్డలు ఉతుకుతావా?" అన్నాను. తమ్ముడు బిత్తరపోయాడు. తమ్ముడి భార్య "అయ్యో వదినా, అల్లునితోనా!" అని చెంపలేసుకుంది. పెద్దబావ లేచి నిలబడ్డాడు. "నీకు మతి పోయిందా? ఇంటికొచ్చిన అల్లునితోని పీతిగుడ్డలు పిండిపిస్తవా?" అని అరిచాడు.

పొద్దున మంచివన్న గుడ్డలే. పిల్లకు, భూమికి, పైసకు మంచివన్న గుడ్డలే. రాత్రి అయ్యేసరికి అవి పీతిగుడ్డలయ్యాయి.

అల్లుడు కాసేపు తటపటాయించి బకీటు అందుకున్నాడు. సబ్బు ఎక్కువ పెట్టాడు, సరిగ్గా జాడించలేదు. చిన్నమ్మ తడిగుడ్డను పట్టుకుని చూసి, వాసన చూసి, మళ్లీ బకీట్లో వేసింది. "ఇంకా సబ్బున్నది నాయినా. మళ్ల జాడియ్యి. నీళ్లు తేటగ వచ్చిందాక" అంది. తర్వాత ఆమె గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆ ఇంట్లో ఒకరు పనిచేస్తుంటే చిన్నమ్మ కూర్చుని చూడటం నేను మొదటిసారి చూశాను.

బావ ఆ రాత్రి మాతో భోజనానికి కూర్చోలేదు. నాకు బాధేమీ కలగలేదు. గుడ్డకు ఎప్పుడు సెలవివ్వాలో చిన్నమ్మకు తెలుసు. చిన్నమ్మకు ఎప్పుడు సెలవివ్వాలో ఆ ఇంట్లో ఇన్నేళ్లూ ఎవరూ ఆలోచించలేదు. పెన్షన్ తీసుకుంటున్న బావ అసలే ఆలోచించలేదు. మీ ఇంట్లో ఎవరైనా పాతగుడ్డ గొప్పదనం చెప్పినప్పుడు మీరు వాదించకండి. బకీటు తెచ్చి ముందు పెట్టండి.